కంప్యూటరు మొరాయించిన పూట: సంఘం లినక్స్ యంత్రానికి ప్రథమ చికిత్స



బర్రె మేత ముట్టకపోతే మనం ఏం చేస్తాం? ముందు చెవులు పట్టి చూస్తాం. ముట్టె తడిగా ఉన్నదా, పొడిగా ఉన్నదా అని చూస్తాం. నిన్న ఏం మేసింది, నెమరు వేసిందా, పేడ ఎట్లా వేసింది అని ఇంట్లోవాళ్లను అడుగుతాం. ఆ తరువాతనే మందు మాట. ఇది ఎవరూ నేర్పకుండానే మనకు వచ్చిన విద్య.

పాల కేంద్రంలో కంప్యూటరు ఆగిపోయిన పూట మాత్రం ఈ నిదానం మనకు ఉండదు. ఒకరు తీగ పీకుతారు, ఒకరు పెట్టెను తడతారు, మూడో మనిషి “ఫార్మాట్ కొట్టియ్యాలె, గంతే” అంటాడు. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచివేయడం. పశువుల డాక్టరుకు కబురు పంపకముందే కటికవానిని పిలిచినట్లు ఉంటుంది ఆ సలహా.

సారంగాపూర్ మండలంలో ఒక సంఘం అనుకుందాం. పొద్దున ఆరు గంటలు. అరవై మంది సభ్యులు క్యాన్లు, చెంబులు పట్టుకొని వరుసలో ఉన్నారు. పదిహేను రోజుల బిల్లు రేపు కట్టవలసి ఉన్నది. కంప్యూటరు తెర నల్లగా ఉన్నది. దాని కడుపులో 14 రోజుల లెక్క, అంటే 28 పూటల పాలు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఉన్నాయి. ఆ లెక్క పోతే బిల్లు అందాజు మీద కట్టవలసి వస్తుంది. పూటకు 4 లీటర్లు పోసే మనిషికి 28 పూటలకు 112 లీటర్లు. అందాజులో లీటరుకు ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆ మనిషికి 112 రూపాయలు పోయినట్లు. అరవై మందికి 6,720 రూపాయలు. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. “నా పాలకు వెన్న అంత తక్కువ ఎందుకు వచ్చింది?” అని ఒక ముసలమ్మ అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. కాగితం లేని చోట నమ్మకం నిలవదు. నమ్మకం లేని చోట సంఘం నిలవదు.

అందుచేత ఈ పాఠం చెప్పే ముఖ్యమైన మాట ఒక్కటే. ముందు లెక్కను కాపాడండి, ఆ తరువాత యంత్రాన్ని బాగుచేయండి. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. లెక్క పోతే కొనలేము.

లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరును నడిపే మూల వ్యవస్థలలో లినక్స్ ఒకటి. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఎవరైనా వాడుకొనడానికి, లోపల చూడడానికి, సరిచేయడానికి, పంచడానికి వీలుగా ఉండే వ్యవస్థను తయారు చేయాలన్నది ఆయన ఉద్దేశం. 1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ అనే భాగాన్ని వ్రాసి అందరికీ పంచాడు. యంత్రానికి గుండెకాయ వంటిది కెర్నెల్. ఈ రెండూ కలిసి నేటి లినక్స్ అయినది. 1993లో డెబియన్, డెబియన్ ఆధారంగా 2004లో ఉబుంటు వచ్చాయి. మన దేశంలో సి-డాక్ సంస్థ బాస్ అనే లినక్స్‌ను తయారు చేసింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారు చేసి పంచింది.

పాల రైతుకు దీనితో పని ఏమిటని అడగవచ్చు. పాల సేకరణ లెక్కల కొరకు జాతీయ పాడి అభివృద్ధి మండలి, అంటే ఎన్.డి.డి.బి., తయారు చేసిన సాఫ్ట్‌వేరు విండోస్, ఆండ్రాయిడ్‌లతోపాటు లినక్స్ మీద కూడ నడిచేటట్లు రూపొందినది. లోకంలో సర్వర్లుగా నడిచే యంత్రాలలో చాలా భాగం లినక్స్ మీదనే నడుస్తున్నవి. కేంద్రంలో బల్ల మీద ఉండి, తెర, మీటల పలక ఉన్నది డెస్క్‌టాప్. ఎక్కడో ఒక గదిలో తెర లేకుండా రాత్రింబవళ్లు నడుస్తూ, అనేక సంఘాల లెక్కలను ఒక్కచోట చేర్చేది సర్వరు. మొదటిది మన ఇంటి గాబు వంటిది, రెండవది ఊరి చెరువు వంటిది.

లినక్స్ మన సంఘం వంటిదే. దీనికి ఒక్కడు యజమాని కాడు, వాడే వారందరిదీ. కనుక చూసుకొనవలసిన బాధ్యత కూడ వాడే వారిదే.

పాలు ముందు, కంప్యూటరు తరువాత

పాలు ఆగవు. ఎండాకాలంలో చల్లార్చని పాలు కొద్ది గంటలలోనే విరుగుముఖం పడతాయి. కంప్యూటరు ఆగితే పది నిమిషాలకు మించి వరుసను నిలపకూడదు. రిజిస్టరు తీయండి. సభ్యుని నంబరు, పూట, లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. అన్న గళ్లు ముందే గీసి పెట్టుకొనవలెను. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం తమంతట తాము పనిచేస్తుంటే వాటి సొంత తెరల మీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని సభ్యుని ఎదుటనే చదివి, వ్రాసి, సంతకమో వేలిముద్రో తీసుకొనండి.

పరీక్ష యంత్రం కూడ ఆగితే ప్రతి సభ్యుని పాలు బాగా కలిపి, నమూనా సీసాలో పట్టి, నంబరు వేసి, చల్లని చోట ఉంచి తరువాత గెర్బర్ పద్ధతిలో పరీక్షించవచ్చు. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు కలిపి యంత్రంలో తిప్పే ఆ పాత పద్ధతికి కంప్యూటరుతో పనిలేదు. ఆమ్లంతో పని కనుక నేర్చినవారే చేయవలెను.

కంప్యూటరు బాగైన తరువాత రిజిస్టరులోని అంకెలను ఎక్కించేటప్పుడు ఒకరు చదవాలి, మరొకరు కొట్టాలి, పాలకవర్గ సభ్యుడొకరు సరిచూసి సంతకం చేయాలి.

నాలుగు ప్రశ్నలు

ఏ చిక్కు వచ్చినా చేయి వేయకముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది, సరిగ్గా ఏమి జరుగుతున్నది? “పనిచేస్తలేదు” అన్నది జవాబు కాదు. దీపం వెలుగుతున్నదా? తెర మీద అక్షరాలు వస్తున్నవా? వస్తే ఆ మాటలు ఏమిటి? తెరను ఫోనుతో ఫోటో తీయండి. ఆ మాటలే యంత్రం చెప్పుకొనే బాధ. లినక్స్ తన బాధను దాచదు, చదివేవాడు ఉండాలి గాని.

రెండవది, ఎప్పటి నుండి?

మూడవది, అంతకు ముందు ఏమి మారింది? రాత్రి కరెంటు పోయిందా? కొత్త తీగ పెట్టారా? అప్‌డేట్ చేశారా? చిక్కులలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న దగ్గరనే దొరికిపోతాయి.

నాలుగవది, ఒక్కదానికేనా, అన్నిటికీనా? ప్రింటరు ఒక్కటే ఆగితే ప్రింటరు సంగతి చూడాలి. అన్నీ ఆగితే కరెంటు సంగతి చూడాలి.

ఆ తరువాత ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి చూడండి. మూడు మందులు కలిపి తాపితే ఏ మందుకు పశువు లేచిందో తెలియదు. పడిపోతే ఏ మందుకు పడిందో కూడ తెలియదు. చేసిన ప్రతి పనిని తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో వ్రాయండి.

ఆదేశాలు వ్రాసిన తీరు

లినక్స్‌లో టెర్మినల్ అనే కిటికీ ఉంటుంది. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి మీటలను ఒకేసారి నొక్కితే తెరుచుకుంటుంది. అందులో ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కితే జవాబు వస్తుంది. సమావేశంలో చదివి వినిపించడానికి వీలుగా ఆదేశాలను ఇక్కడ అక్షరాల పేర్లతో ఇస్తున్నాము. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలే కొట్టవలెను. లినక్స్‌కు చిన్నబడి, పెద్దబడి రెండూ వేర్వేరు. “అడ్డగీత” అన్నచోట మధ్యగీత మీట, “ఖాళీ” అన్నచోట పొడుగు మీట నొక్కవలెను.

తరచు వచ్చే చిక్కులు

1. అసలు లేవకపోతే. గోడ స్విచ్చి, తీగ, యు.పి.ఎస్. ఈ వరుసలో చూడండి. యు.పి.ఎస్. కూత పెట్టి వెంటనే పడిపోతే దాని బ్యాటరీ అయిపోయినట్లు. దీపం వెలిగి తెర మాత్రం నల్లగా ఉంటే తెర తీగను తీసి మళ్లీ బిగించండి. యంత్రం లోపలి చిక్కు అనుకున్నది బయటి తీగ చిక్కు కావడం తరచుగా జరిగేదే.

2. తేదీ తప్పితే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం పాత తేదీకి పోతుంటే, లోపలి బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే చిన్న బ్యాటరీ అయిపోయిందని గుర్తు. చాలా యంత్రాలలో అది సి.ఆర్. 2032 రకం. ఖరీదు స్వల్పమే గాని దాని వల్ల కలిగే నష్టం పెద్దది. ఈ రోజు పోసిన పాలు ఎప్పటివో తేదీ కింద జమ అవుతాయి. ఇంటర్నెట్టు ఉన్నా భద్రత గల వెబ్‌సైట్లు తెరుచుకొనవు. వాటి ధ్రువపత్రానికి గడువు తేదీలు ఉంటాయి కనుక, గడియారం తప్పితే ఆ పత్రం చెల్లదని యంత్రం అనుకొంటుంది. నెట్టు పోయిందని తీగలు పీకే ముందు మూలన ఉన్న తేదీ ఒకసారి చూడండి. పొద్దున మొదటి చెంబు పోయకముందు తేదీ చూసే అలవాటు ప్రతి కేంద్రంలో ఉండవలెను.

3. అప్‌డేట్ తరువాత లేవకపోతే. లినక్స్ కొత్త కెర్నెల్ పెట్టినా పాతదాన్ని వెంటనే పారవేయదు. యంత్రం మొదలయ్యేటప్పుడు షిఫ్టు మీట గాని, ఎస్కేప్ మీట గాని నొక్కితే గ్రబ్ అనే పట్టిక వస్తుంది. అందులో “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” అన్న వరుసలోకి పోయి, పాత అంకె ఉన్న కెర్నెల్‌ను ఎంచుకొనండి. దానితో లేస్తే తప్పు కొత్త కెర్నెల్‌తోనే వచ్చిందని తేలినట్లే. ఆ పూటకు పాతదానితో పని జరుపుకొనవచ్చు. బిల్లు కట్టే వారంలో అప్‌డేట్‌లు చేయకూడదు. బిల్లు ముగిసి, నకలు తీసిన తరువాత చేయవలెను.

4. కరెంటు పోయి వచ్చాక నల్ల తెర మీద “ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్” అని కనిపిస్తే. వ్రాస్తూ ఉండగా కరెంటు పోతే డిస్కులోని పట్టీ చెదురుతుంది. అక్కడ “ఎగ్జిట్” అన్న ఇంగ్లీషు మాట కొడితే, ఏ భాగాన్ని సరిచూడాలో సాధారణంగా యంత్రమే పేరు చెప్పి, ఎఫ్ ఎస్ సి కె అనే ఆదేశాన్ని చేతితో నడపమంటుంది. ఆ ఆదేశం చెదిరిన పట్టీని సరిచేస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు ఉన్నాయి. వాడుకలో ఉన్న డిస్కు భాగం మీద దానిని ఎన్నడూ నడపకూడదు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే, అంకెలు చదవలేకపోతున్నానని మాటిమాటికి చెప్తుంటే, దానిని సరిచేయడానికి పూనుకొనకూడదు. ముందు నకలు తీయాలి. చచ్చిపోయే డిస్కుతో ఎంత పనిచేయిస్తే అంత త్వరగా పోతుంది.

నకలు తీసే ఉపాయం ఇది. లినక్స్‌ను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి దాని నుండే యంత్రాన్ని లేపవచ్చు. “ఇన్‌స్టాల్ చేయకుండా చూడండి” అన్న దారిని ఎంచుకొంటే అది లోపలి డిస్కును తుడవదు. అప్పుడు డిస్కు తెరిచి, లెక్కల దస్త్రాలను మరొక పెన్‌డ్రైవుకు ఎక్కించుకొనవచ్చు. ఇటువంటి పెన్‌డ్రైవు ఒకటి ప్రతి సంఘం బీరువాలో ఉండవలెను. ఫార్మాట్ అన్న మాట వినబడినప్పుడు మొదట తీయవలసింది అదే.

5. పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా లోపలికి రానీయక మళ్లీ మొదటికే వస్తే. డిస్కు నిండిపోతే కూడ ఇట్లా అవుతుంది. నిండిన గాదెలో గింజ పట్టదు, నిండిన డిస్కులో కొత్త బిల్లు పట్టదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మీటలు ఒకేసారి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి పోయి, డి ఎఫ్, ఖాళీ, అడ్డగీత హెచ్ అని కొట్టండి. ప్రతి భాగం ఎంత నిండిందో శాతాలలో చూపుతుంది. 100 కనిపిస్తే చిక్కు దొరికినట్లే. డౌన్‌లోడ్‌లలోని సినిమాలు, పాత ఇన్‌స్టాల్ ఫైళ్లు తొలగించవచ్చు. వ్యవస్థ వ్రాసుకొన్న పాత దినచర్యలను తగ్గించే ఆదేశాన్ని తెలిసినవారితో వేయించండి. ఏ ఫైలు ఏమిటో తెలియకపోతే దానిని ముట్టుకొనకూడదు. పెద్దగా ఉన్నది కదా అని తీసివేసిన ఫైలే మీ సంవత్సరం లెక్క కావచ్చు.

6. తూకం, వెన్న అంకెలు కంప్యూటరుకు రాకపోతే. సంఘాలకు ఎదురయ్యే చిక్కులలో ఇది ఒకటి. తూకం యంత్రం నుండి వచ్చే సీరియల్ తీగ సాధారణంగా ఒక యు.ఎస్.బి. మార్పిడి ముక్క ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. లినక్స్ దానికి టి టి వై యు ఎస్ బి 0 అని పేరు పెడుతుంది. చిక్కులు నాలుగు విధాలు.

ఒకటి, పేరు మారడం. తీగను తీసి మరో రంధ్రంలో పెడితే 0 పోయి 1 కావచ్చు. సాఫ్ట్‌వేరు మాత్రం ఇంకా 0 దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. కనుక ఏ తీగ ఏ రంధ్రానిదో రంగు దారం కట్టి గుర్తు పెట్టుకొనండి.

రెండు, అనుమతి లేకపోవడం. “పర్మిషన్ డినైడ్” అని వస్తే, డెబియన్, ఉబుంటులలో ఆ మనిషి పేరును “డయలౌట్” అనే గుంపులో చేర్చాలి. ఈ చేర్చే ఆదేశంలో అడ్డగీత తరువాత చిన్నబడి ఎ, పెద్దబడి జి రెండూ ఉండాలి. ఎ మరచిపోతే ఆ మనిషి కొత్త గుంపులో చేరతాడు గాని, అదనంగా ఉన్న పాత గుంపులన్నిటి నుండి తొలగిపోతాడు. యంత్రాన్ని సరిచేసే అధికారం కూడ వాటితోనే పోతుంది. చేర్చిన తరువాత ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికి వస్తేనే అది అమలవుతుంది.

మూడు, అంకెలకు బదులు పిచ్చి గీతలు రావడం. తూకం యంత్రం మాట్లాడే వేగం, కంప్యూటరు వినే వేగం కలవలేదని అర్థం. ఒకటి 2400, రెండవది 9600 అయితే మాట అర్థం కాదు. యంత్రం పుస్తకంలో ఉన్న వేగాన్నే సాఫ్ట్‌వేరులో పెట్టండి.

నాలుగు, తీగను మరొకరు లాక్కోవడం. ఉబుంటు 22.04లో ఇది చాలామందికి ఎదురైంది. అంధుల కొరకు బ్రెయిలీ పరికరాలను నడిపే బి ఆర్ ఎల్ టి టి వై అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. సి హెచ్ 340 అనే చిప్పు గల మార్పిడి ముక్కలను అది బ్రెయిలీ పరికరాలని పొరబడి పట్టుకొనేది. తీగ మంచిదే, యంత్రం మంచిదే, అంకె మాత్రం రాదు. ఆ ప్రోగ్రాము అవసరమైన వారు కేంద్రంలో లేకపోతే దానిని తొలగిస్తే చిక్కు తీరుతుంది. ఈ సంగతి తెలియక తీగ మీద తీగ కొంటే డబ్బు దండగ.

7. రసీదు రాకపోతే. కాగితం, తీగ చూసిన తరువాత ప్రింటరు పట్టికను చూడండి. మధ్యలో కరెంటు పోయినప్పుడు లినక్స్ ఆ ప్రింటరును “ఆపివేయబడినది” అని గుర్తు పెట్టుకొని, మీరు కొట్టిన రసీదులన్నీ వరుసలో నిలుపుతుంది. ప్రింట్ మీట పదిసార్లు నొక్కితే వరుస పెరుగుతుందే గాని కాగితం రాదు. సెట్టింగులలో ప్రింటరును తెరిచి, వరుసను ఖాళీ చేసి, మళ్లీ నడపండి. లేకుంటే రాత్రి అకస్మాత్తుగా ఒకే రసీదు పదిసార్లు వచ్చి, ఏది అసలో తెలియని గొడవ అవుతుంది.

8. నెట్టు రాకపోతే. కాలువ నీరు పొలానికి రాకపోతే మడి నుండి తూము వరకు నడిచి చూస్తాం. ఇదీ అంతే. ముందు మన తీగ గాని వైఫై గాని కలిసి ఉన్నదా చూడండి. తరువాత రూటరు పలుకుతున్నదా చూడండి. తరువాత పి ఐ ఎన్ జి, ఖాళీ, 8.8.8.8 అని కొట్టండి. అది బయటి లోకాన్ని పలకరించడం. ఆపడానికి కంట్రోల్, సి. జవాబు వస్తుండి పేరుతో మాత్రం వెబ్‌సైటు తెరుచుకోకపోతే, పేరును అంకెగా మార్చే డి.ఎన్.ఎస్. చిక్కు కావచ్చు. ఎక్కడ ఆగిందో చెప్పగలిగితే ఫోనులో మాట్లాడే మెకానిక్కు సగం పని మీరే చేసినట్లు.

సర్వరు ఆగితే

అన్ని సంఘాలకూ ఒకేసారి లెక్కలు చేరకపోతే చిక్కు సర్వరు దగ్గర ఉండవచ్చు. అప్పుడు మన కంప్యూటరును విప్పడం అనవసరం. పక్క ఊరి సంఘానికి ఒక ఫోను చేస్తే ఈ సంగతి తేలిపోతుంది.

సర్వరు చూసే ఉద్యోగి మూడు విషయాలు చూడవలెను. డిస్కు నిండిందా? ఎఫ్ ఆర్ ఈ ఈ, ఖాళీ, అడ్డగీత హెచ్ అని కొట్టి జ్ఞాపకశక్తి ఎంత మిగిలిందో చూడాలి. అది పూర్తిగా అయిపోతే లినక్స్ తానే ఏదో ఒక ప్రోగ్రామును చంపి మిగతావాటిని బ్రతికిస్తుంది. ఆ బలి అయినది లెక్కల డేటాబేసు కావచ్చు. మూడవది, సేవ నడుస్తున్నదా అని చూడడం. లినక్స్ సర్వరులో జరిగినదంతా గంట, నిమిషంతో సహా దినచర్యలో వ్రాసి ఉంటుంది. దానిని చదివి, ఫోటో తీసి, ఆ తరువాతనే ఆపి లేపవలెను. చదవకుండా తిరిగి లేపితే ఈ పూటకు నడవవచ్చు గాని, రోగం రేపు మళ్లీ వస్తుంది.

చేయకూడనివి

అనుమతి చిక్కు వచ్చిందని అన్ని ఫైళ్లకూ 777 అనే అనుమతి ఇవ్వకూడదు. అది బీరువా తలుపు తీసి బజారులో పెట్టినట్లు. ఎస్ యు డి ఓ అన్న మాటతో మొదలయ్యే ఆదేశం యంత్రం మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. అర్థం తెలియని ఆదేశాన్ని ఎవరో పంపారని ఆ మాటతో కొట్టకూడదు. ఆర్ ఎం అనే ఆదేశం తీసివేసినది చెత్తబుట్టలోకి కూడ పోదు, పోయినట్లే. పెన్‌డ్రైవును “ఎజెక్ట్” నొక్కకుండా పీకకూడదు. ఎక్కినట్లు కనిపించిన ఫైలు ఇంకా పూర్తిగా ఎక్కి ఉండకపోవచ్చు.

నకలు: అన్ని చిక్కులకూ ఒక్క మందు

లెక్కకు మూడు ప్రతులు ఉండవలెను. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి ఊరికో గదికో దూరంగా. పిడుగు పడితే గదిలోని అన్ని యంత్రాలూ ఒకేసారి పోవచ్చు. కనుక మూడవ ప్రతి ఆ గదిలో ఉండకూడదు. సాయంత్రం పూట పాలు ముగియగానే సాఫ్ట్‌వేరులోని నకలు మీటతోనే ప్రతి తీయండి. నడుస్తున్న డేటాబేసు ఫైలును ఉన్నపళంగా మరోచోటికి ఎక్కిస్తే అది సగం వ్రాసిన పద్దు కావచ్చు.

నెలకొకసారి ఆ ప్రతిని మరో కంప్యూటరులో తెరిచి, ఏదో ఒక సభ్యుని ఒక రోజు పాలను రిజిస్టరుతో పోల్చి చూడండి. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్లే. విత్తనాలు మొలక కట్టి చూడకుండా పొలంలో వేయము కదా.

సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు

ప్రతి సభ్యుడు ఆదేశాలు నేర్చుకొనవలసిన పనిలేదు. అడగవలసినవి అడిగితే చాలును. ఈ ప్రశ్నలను వచ్చే సమావేశంలో చదివి, జవాబులు మినిట్సులో వ్రాయించండి.

1. నిన్నటి నకలు ఎక్కడ ఉన్నది? దానిని చివరిసారి తెరిచి చూసినది ఎప్పుడు?
2. కంప్యూటరు పాస్‌వర్డు ఒక్కరికే తెలుసునా? అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలతో సీలు వేసిన కవరులో అది బీరువాలో ఉన్నదా?
3. యు.పి.ఎస్. కరెంటు లేకుండా ఎన్ని నిమిషాలు నిలుస్తున్నది? ఈ మధ్య పరీక్షించారా?
4. కంప్యూటరు ఆగిన పూట వాడవలసిన రిజిస్టరు సిద్ధంగా ఉన్నదా?
5. చిక్కులు, వాటికి చేసిన చికిత్సలు వ్రాసే నోటుపుస్తకం ఉన్నదా?
6. యంత్రాన్ని ఫార్మాట్ చేయవలసి వస్తే పాలకవర్గం అనుమతి, నకలు సరిచూసినట్లు వ్రాతపూర్వక ధ్రువీకరణ తీసుకొనాలన్న తీర్మానం ఉన్నదా?

ఆరవది లేని సంఘాలు ముందుగా దానినే తీర్మానించుకొనవలెను.

పొద్దున ఆరు గంటల వరుసను మరొకసారి తలచుకుందాం. తెర నల్లగానే ఉన్నది. కాని ఈసారి రిజిస్టరు బల్ల మీద ఉన్నది, నిన్నటి సాయంత్రం వరకు లెక్క పెన్‌డ్రైవులో ఉన్నది, లినక్స్ ఎక్కించిన మరో పెన్‌డ్రైవు బీరువాలో ఉన్నది. కార్యదర్శి తెరను ఫోటో తీసి, మెకానిక్కుకు పంపి, తూకం మొదలుపెడతాడు. ముసలమ్మ తన వెన్న శాతం అడిగితే వేలిముద్ర వేసిన వరుసను చూపిస్తాడు. యంత్రం మధ్యాహ్నానికి లేస్తుందో, మరునాటికి లేస్తుందో, ఆమె బిల్లులో మాత్రం పైసా తేడా రాదు.